నింటెండో 64లో షోగి: నాలుగేళ్ల తర్వాత

యోకొహామాలో సెకండ్ హ్యాండ్ షాపులో నింటెండో 64 కొన్న రోజే, పక్క బుట్టలో ఇంచుమించు చాయ్ ఖర్చుకి ‘సాయిక్యో హబు షోగి’ క్యాసెట్ దొరికింది. షోగి అంటే జపాన్ వాళ్ల చదరంగం. 1996 జూన్ 23న ఈ కన్సోల్ జపాన్‌లో విడుదలైనప్పుడు దాంతోపాటు వచ్చినవి మూడే ఆటలు. సూపర్ మారియో 64 ఒకటి, పైలట్‌వింగ్స్ 64 ఒకటి, మూడోది ఇది. పేరులో ఉన్న షోగి ఆటగాడు హబు యోషిహారు అదే ఏడాది ఫిబ్రవరిలో షోగిలో అప్పుడున్న ఏడు టైటిళ్లూ ఒకేసారి చేజిక్కించుకున్నాడు.

మెనూ అంతా జపనీసే. మొదటి వారం ఆట మొదలుపెట్టడమే ఒక ఆట. పావులన్నిటికీ దాదాపు ఒకే ఆకారం, మీద రాసిన అక్షరాన్ని బట్టే పోల్చుకోవాలి. నా కొత్త టీవీలో ఆ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. ఎవరో పారేస్తున్న పాత డబ్బా టీవీ తెచ్చుకున్నాక ప్రాణం లేచొచ్చింది.

చదరంగం వచ్చుగా అన్న ధీమాతో దిగాను. 81 గళ్లు, చెరో 20 పావులు, ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇక్కడ చచ్చిన పావు పెట్టెలోకి పోదు, చంపినవాడి తరఫున మళ్లీ దిగుతుంది. ఓసారి మంచి బేరమనుకుని నా హిషాని (మన ఏనుగులాంటిది) వదిలేసి రెండు పావులు కొట్టాను. నాలుగు ఎత్తులయ్యేసరికి అదే హిషా నా రాజు వెనకాల దిగి కూర్చుంది. ఆట కట్టు!

పెద్ద లెవెల్లో ఒక్కోసారి ఈ క్యాసెట్ ఆలోచించేలోపు టీ పెట్టుకుని రావచ్చు. ఫోన్లో ఉచితంగా దొరికే యాప్ దీన్ని చితక్కొట్టేస్తుంది, నిజమే. కాకపోతే ఆ యాప్ నన్ను అంతకంటే ఘోరంగా కొడుతుంది. దీని మీద మాత్రం రాజుని మినో కోటలో (రాజు చుట్టూ పావులు పేర్చే ఒక రక్షణ వ్యూహం) దాచి, ఓపిగ్గా ఆడితే పదింట మూడు గెలుస్తాను. ఆ మూడింటి కోసమే నాలుగేళ్లుగా రాత్రిళ్లు కూర్చుంటున్నాను.

ఆ ధైర్యంతోనే మొన్న ఒక షోగి క్లబ్బుకి వెళ్లాను. నిలువు వరుసలో నా బంటు ఉండగానే ఇంకో బంటు దించాను. ఎదుటి పెద్దాయన నవ్వుతూ ‘నిఫు’ (ఒకే నిలువు వరుసలో రెండు బంట్లు) అని వేలు చూపించారు. ఆ తప్పు చేస్తే ఆట అక్కడికక్కడే పోయినట్టే.

కొనేవాళ్లు జపాన్ కన్సోలే చూసుకోండి. అమెరికా దాంట్లో ఈ క్యాసెట్ పట్టదు, వెనక గాట్లు వేరు. ఇండియాకి తీసుకెళ్తే అడాప్టర్ 100 వోల్టులదని మరిచిపోవద్దు, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గులో పెట్టకండి.