తేనెటీగల సర్వే కిట్: గిన్నెలు భేష్, వల దండగ

నాటు తేనెటీగల సర్వే కోసమని అమ్మే ఈ కిట్‌లో పూలనుకుని వాలే తేనెటీగలను పట్టే నీలం, పసుపు, తెలుపు ప్లాస్టిక్ గిన్నెలు పదేసి, ఒక చేతివల, కొన్ని సీసాలు ఉన్నాయి.

గిన్నెలకు వంక పెట్టలేం. నీలం, పసుపు నిజంగా ఫ్లోరసెంట్ రంగులే, యూవీ టార్చి వేస్తే మెరుస్తాయి. ఆ రంగు ఎండకు వెలుస్తుంది కాబట్టి పాతవీ కొత్తవీ కలిపి పెట్టకండి, లెక్క చెడుతుంది. ముప్పావు వంతు నీళ్లు పోసి, వాసన లేని, గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు మూడు చుక్కలు వేస్తే వాలిన పురుగు తేలకుండా మునుగుతుంది. (మన అంగళ్లలో ఎక్కువ నిమ్మవాసనవే, కాస్త వెతుక్కోవాలి.) నురగ రానివ్వొద్దు. రంగులు మార్చి మార్చి, అయిదేసి మీటర్ల ఎడంగా, పొద్దున తొమ్మిదిలోపు పెట్టి మూడు దాటాక తీయాలి. నువ్వు చేలోనో కంది చేలోనో నేలమీద పెడితే ఆకుల చాటున పడిపోతాయి. కర్రకు తీగ చుట్ట బిగించి పూల ఎత్తులో నిలపాలి. అలా చేస్తే మేకలు తాగేసే బెడదా కొంత తగ్గుతుంది.

అయితే గిన్నెలనే నమ్ముకుంటే మోసపోతారు. హాలిక్టిడే కుటుంబపు చిన్న తేనెటీగలు బాగా పడతాయి, కొండ తేనెటీగ, గండుతుమ్మెద అంతగా పడవు. పైగా చేను విరగబూసిన రోజు గిన్నెలు బోసిగా ఉంటాయి. తేనెటీగలు లేక కాదు, అసలు పూలుండగా గిన్నెతో వాటికేం పని? అందుకే వల తప్పనిసరి. కిట్‌లో నాసిరకమైనది అదే. కళ్లు మరీ పెద్దవి, మూడు నాలుగు మిల్లీమీటర్లుండే ముల్లు లేని తేనెటీగ దూరి పోతుంది. సంచి కూడా పొట్టి. రింగు వ్యాసానికి రెండింతల పొడవు లేకపోతే పట్టాక మడిచి మూయడం కుదరదు. సన్న నేత నైలాన్ గుడ్డతో దర్జీ దగ్గర కుట్టించుకోవడం మేలు.

సీసాల మూతలు వదులు, పట్టిన పురుగులను నిల్వ ఉంచే 70 శాతం ఆల్కహాల్ కారిపోతుంది. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి, బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. తడిసిన వెంట్రుకలు అతుక్కుపోతే అమెజిల్లా అనే తేనెటీగ నీలి చారలు కూడా గుర్తుపట్టలేం. సూదికి గుచ్చే ముందు కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి.

గిన్నెలో పడ్డదల్లా చస్తుంది. ముల్లు లేని తేనెటీగల గూటి దగ్గర మాత్రం పెట్టకండి.