హ్యారింగ్టన్ పోకర్ పుస్తకాలు: మళ్లీ చదివేవారికి ఎంతవరకు ఉపయోగం?

పోకర్ వ్యూహాల పుస్తకం చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది గానీ, ముక్కలు చేతికొచ్చాక అందులోని మాట ఒక్కటీ సమయానికి గుర్తుకు రాదు. అందుకే ఇలాంటి పుస్తకానికి విలువ కట్టేటప్పుడు, రెండోసారి తెరిచినప్పుడు అది మన చేత ఎంత పని చేయిస్తుందన్నదే నేను ముఖ్యంగా చూస్తాను. ఆ లెక్కన డాన్ హ్యారింగ్టన్, బిల్ రోబర్టీ కలిసి రాసి 2004 నుంచి 2006 వరకు వెలువరించిన 'హ్యారింగ్టన్ ఆన్ హోల్డెమ్' మూడు సంపుటాలకు నేను చాలా మంచి మార్కులు వేస్తాను. హోల్డెమ్ అంటే చేతిలోని రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పడే ఐదు ముక్కలతో ఆడే పోకర్. హ్యారింగ్టన్ 1995లో 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' ప్రధాన టోర్నమెంటు గెలిచి, 2003లో మూడో స్థానంలో, 2004లో నాలుగో స్థానంలో నిలిచిన ఆటగాడు. రోబర్టీ బ్యాక్‌గామన్ అనే పాచికల ఆటలో రెండుసార్లు ప్రపంచ విజేత.

ఈ పుస్తకాల బలమంతా అభ్యాసాల్లో ఉంది. పాఠం ముగిశాక ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ (పందెం బిళ్లలు) ఉన్నాయో, మనకంటే ముందు ఎవరు ఎంత పెంచారో వివరంగా చెప్పి, ఇప్పుడు మీరేం చేస్తారని అడిగి, ఆ తర్వాతే జవాబు, దానికి కారణం ఇస్తారు. రెండోసారి చదివేవారు పాఠాన్ని పక్కనపెట్టి, జవాబును ఒక అట్టముక్కతో కప్పి, ముందు తమ నిర్ణయం కాగితం మీద రాసుకోవాలి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారిని దాటిపోయారు. కళ్లకు అలవాటైన పేజీని తెలిసిన పేజీ అనుకోవడం చదువరులందరికీ సహజమే.

ఒక లెక్క చూడండి. టర్న్ ముక్క, అంటే బల్ల మీద నాలుగో ఉమ్మడి ముక్క, పడింది. ఇంకొక్కటే రావాలి. మీ చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద రెండు ఆఠీన్లు ఉన్నాయి. ఐదో ఆఠీను పడితే ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) అవుతుంది. పాట్‌లో, అంటే మధ్యనున్న పందెం కుప్పలో, 600 ఉండగా ఎదుటివారు 200 పెట్టారు. మీరు 200 పెడితే 800 గెలిచే వీలుంది, అంటే నాలుగుకు ఒకటి. మొత్తం 52లో మీ రెండూ బల్ల మీది నాలుగూ పోగా, మీకు కనబడని 46 ముక్కల్లో 9 ఆఠీన్లు, 37 వేరేవి. ఓడే ముక్కలకూ గెలిచే ముక్కలకూ నిష్పత్తి నాలుగుకు కాస్త పైనే, కానీ పందెం ఇచ్చేది నాలుగే. వట్టి లెక్క ప్రకారం ముక్కలు పడేయాలి. ఆఠీను పడ్డాక కూడా ఎదుటివారు మరికొన్ని చిప్స్ ఇస్తారని నమ్మకముంటే ఆడాలి. సూత్రం చదివి తలూపినవారికి 46 అనే అంకె గుర్తుండదు. జవాబు కప్పిపెట్టి తామే లెక్క కట్టినవారికి మాత్రం అది బల్ల దగ్గర దానంతటదే స్ఫురిస్తుంది.

విశాఖలో ఈ అభ్యాసాల అవసరం మరింత ఎక్కువని నా అభిప్రాయం. ఎంవీపీ కాలనీలో మేము ఆదివారాలు కలిసి ఆడే బల్ల దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మూడుముక్కలాట నుంచి వచ్చినవారే. ఆ ఆటలో సీక్వెన్సుది పైచేయి, కలరు దాని కింద. పోకర్‌లో మాత్రం కలరులాంటి ఫ్లష్, సీక్వెన్సులాంటి స్ట్రెయిట్‌ను కొడుతుంది. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన వరుస ఒక్క చదువుతో మారదు. అన్నట్టు, మా బల్ల మీద చిప్సే గాని డబ్బు ఉండదు, ఉండకూడదు కూడా. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను సైతం నిషేధించింది.

రెండో సంపుటంలోని 'ఎమ్' లెక్క ఒక్కదాని కోసమైనా ఈ పుస్తకాలు కొనవచ్చు. బ్యాక్‌గామన్, పోకర్ ఆటగాడు పాల్ మాగ్రియెల్ పేరు మీదుగా వచ్చిన ఈ అంకె, మన చిప్స్‌ను పంపకం బల్ల చుట్టూ ఒకసారి తిరిగే రౌండుకయ్యే బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టే తప్పనిసరి పందేలు), యాంటీల (అందరూ వేసే చిన్న పందేలు) మొత్తంతో భాగిస్తే వస్తుంది. చేతిలో 6,000 ఉండి, బ్లైండ్లు 200, 400 అయి, ఎనిమిదిమంది తలా 25 యాంటీ వేస్తే రౌండుకు 800 ఖర్చు, ఎమ్ 7.5. పుస్తకం దీన్ని నారింజ మండలం, అంటే చిప్స్ తగ్గిపోయిన దశ, అంటుంది. అక్కడ చిన్న జతతో ఊరికే కాల్ చేసి (పెంచకుండా పందెం సరిపెట్టి) ఫ్లాప్, అంటే బల్ల మీద మొదటి మూడు ముక్కలు, చూద్దామనుకోవడం దండగ, అందరికంటే ముందు పందెం పెంచేవారికే మేలు.

లోపాలూ ఉన్నాయి. ఫ్లాప్‌కు ముందు పెద్ద బ్లైండుకు మూడు నాలుగు రెట్లు పెంచమనే సలహా పాతబడింది. ఇప్పుడు టోర్నమెంట్లలో రెండు, రెండున్నర రెట్లే ఎక్కువగా కనిపిస్తాయి. సరైన ఆటను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములైన సాల్వర్లు రాకముందు రాసినవి కాబట్టి కొన్ని జవాబులను నేటి ఆటగాళ్లు ఒప్పుకోరు. అయినా కారణం విడమరచి చెప్పిన జవాబుతో విభేదించడం కూడా మంచి అభ్యాసమే.

కొనేవారు మొదటి రెండు సంపుటాలతో మొదలుపెట్టాలి. మూడోది పూర్తిగా అభ్యాసాల పుస్తకం. మొదటి రెండూ కొంత మరుపున పడ్డాక, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటి నిశ్శబ్దమైన చోట కూర్చుని చేయదగ్గది. జవాబులు మాత్రం అందులో రాయకుండా విడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేజీల మీద పెన్సిలు గీతలు పడితే తర్వాతిసారి అది పరీక్షగా పనికిరాదు.