రెండో కంప్యూటర్‌కి నెట్: కేబులా, వైఫైయా?

హాల్లో రౌటర్, పక్కనే డెస్క్‌టాప్. లోపలి గదిలోకి ఇంకో కంప్యూటర్ వచ్చింది. దానికోసం రెండో కనెక్షన్ అక్కర్లేదు, ఉన్నదాన్నే పంచుకోవచ్చు. ఎలా పంచాలన్నదే ప్రశ్న.

ఖర్చు: కేబుల్‌కి మీటర్ల లెక్కన డబ్బు, గోడకి రంధ్రం వేయిస్తే ఆ కూలీ అదనం. వైఫైకి, ల్యాప్‌టాప్ అయితే రూపాయి ఖర్చు లేదు. పాత డెస్క్‌టాప్‌కి మాత్రం చిన్న యూఎస్‌బీ అడాప్టర్ కొనాల్సి రావచ్చు.

శ్రమ: కేబుల్‌కి ఒక పూట. వైఫైకి పాస్‌వర్డ్ కొడితే చాలు.

నిలకడ: అసలు తేడా ఇక్కడే. ఇంటి రౌటర్ వైఫై మామూలుగా రెండు రేడియో దారుల్లో వస్తుంది: 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్ వైఫై మంచి వేగం ఇస్తుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని బాగానే దాటుతుంది. అయితే అపార్ట్‌మెంట్లో చుట్టుపక్కల రౌటర్లు కూడా ఆ ఇరుకు దారిలోనే తిరుగుతుంటాయి. కేబుల్‌కి ఈ గొడవ లేదు. క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) వేగాన్ని మోస్తుంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నెట్ ఆగితే పిల్లలు పడే టెన్షన్ చూశాక నేను కేబుల్ వైపే మొగ్గాను.

రిస్క్: కేబుల్ తలుపు సందులో నలుగుతుంది, ఎలుకలు కొరుకుతాయి. వైఫై పాస్‌వర్డ్ తేలికైనదైతే పక్కింటివాళ్లూ వాడేస్తారు. రౌటర్ సెట్టింగ్స్‌లో వైఫైకి కనీసం డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతి ఉండేలా చూసుకోండి.

అద్దె ఇల్లు, ల్యాప్‌టాప్, వీడియోలు చూడడం వరకే అయితే వైఫై చాలు. ఇంటి నుంచి ఉద్యోగం, రోజూ వీడియో కాల్స్, కదలని డెస్క్‌టాప్ అయితే కేబులే వేయించండి. అద్దె ఇంట్లోనే ఆ అవసరం వస్తే, రంధ్రం లేకుండా గోడ అంచు వెంబడి అతికించే క్లిప్పులతో లాగండి.