క్యానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు: చెన్నైలో కొన్నేళ్ల వాడకం తరువాత

క్యానన్ సంస్థ 2015లో విడుదల చేసిన ఈ లెన్సును ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సారున్న కెమెరాకు తగిలించి, చెన్నైలోని బంధుమిత్రుల పోర్ట్రెయిట్ల కోసమే ఏళ్ల తరబడి వాడుతున్నాను. బరువు 160 గ్రాములకు మించదు. ఆ సెన్సారుపై ఇది ఫుల్ ఫ్రేమ్ (అంతకన్నా పెద్ద సెన్సారున్న) కెమెరాలోని 80 ఎంఎం లెన్సు చూపినంత మేరే చూపుతుంది కనుక ముఖాలకు చక్కగా సరిపోతుంది. దీని తరువాత 85 ఎంఎం కొనాలా, ఫుల్ ఫ్రేమ్‌కు మారాలా అని అడిగేవారికి, ముందు వెలుతురు పోకడ తెలుసుకోండి, కొనుగోలు సంగతి తరువాత చూడవచ్చు అనే చెబుతాను.

ఎఫ్/1.8 మీద, అంటే లెన్సును పూర్తిగా తెరిచి, మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. మనిషి కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే చాలు, అవతలి కన్ను మసకబారుతుంది. వెనకాలంతా కరిగిపోతేనే మంచి ఫొటో అన్న మోజు ఎందుకు పుట్టిందో గాని, నేను ఎక్కువగా ఎఫ్/2.8, ఎఫ్/4 మధ్యే తీస్తాను. పట్టుచీర జరీ అంచు ఎండకు తళుక్కుమన్నచోట ఎఫ్/1.8 దగ్గర సన్నటి ఊదా చారలు కనబడడం చవక లెన్సులకు మామూలే. అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) తగ్గిస్తే, అంటే ఎఫ్ పక్కన అంకె పెంచితే, అవీ చాలావరకు తగ్గుతాయి.

చెన్నై మధ్యాహ్నపు ఎండ కనుగుంటల్లో పోసే నల్లటి నీడలకు మాత్రం ఏ లెన్సూ మందు కాదు. అదే మనిషిని వరండా అంచున, ఎండ తగలకుండా, ముఖం బయటికి ఉండేట్టు కూర్చోబెడితే ఆకాశపు వెలుతురు మెత్తగా పడి కళ్లలో మెరుపు వస్తుంది. చెట్టు నీడ అయితే ఆకుల పచ్చదనం చర్మానికి అంటుతుంది. మెరీనాలో సముద్రం తూర్పున ఉంది కనుక, సాయంత్రం సూర్యుడు భవనాల వెనక్కి దిగాక సముద్రంవైపు ముఖం పెట్టించి తీయడం మేలు.

మైలాపూరులో ఉండే మా పెదనాన్నగారు ఎప్పుడూ తెల్ల లాల్చీ, తెల్ల పంచెలోనే ఉంటారు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు దేన్నయినా మధ్యస్థపు బూడిద రంగుగా లెక్కగట్టి, ఆ తెలుపును తగ్గించబోయి చామనఛాయ ముఖాన్ని మరీ నల్లగా చేస్తుంది. అందుకే, ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో చెంప మీద కొలత తీసుకుని, ఒడిలో తెల్ల థర్మాకోల్ షీటు పెట్టి గడ్డం కింది నీడను తేలికపరుస్తాను. కెమెరా ఎత్తగానే ఆయన బిగుసుకుపోయి “ఊఁ, కానీరా” అంటారు, “పెదనాన్నా, మద్రాసు వచ్చిన కొత్తలో మీరెక్కడ దిగారు?” అని అడిగితే మాత్రం ఆ బిగువు దానంతటదే సడలుతుంది.

ఒకసారి 85 ఎంఎం అద్దెకు తెచ్చి వాడాను. ఆరుబయట బాగుంది. నడుము దాకా ఫొటో రావాలంటే 50తో ఒకటిన్నర మీటర్లకు కాస్త పైన నిలబడితే సరిపోతుంది, 85తో రెండున్నర మీటర్లు దాటాలి. మా ఫ్లాటు హాలులో అంత వెనక్కి జరిగితే వీపు బీరువాకు తగులుతుంది. ఎక్కువగా బయటే తీసేవారు, వెలుతురు మీద పట్టు వచ్చినవారు దాన్ని నిశ్చింతగా కొనవచ్చు.

ఫోకస్ చేసేటప్పుడు ముందుకు వచ్చే లోపలి గొట్టం కెమెరా ఆపినా అలాగే ఉండిపోవచ్చు. సంచిలో పెట్టేముందు దాన్ని లోపలికి పంపాలి. సముద్రపు తేమకు అద్దాల్లో బూజు పట్టకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరచడం ఈ ఊళ్లో తప్పనిసరి.