8821ఏయూ వైఫై డాంగిల్: ఇప్పుడు లైనక్స్ వాళ్లు కూడా కొనొచ్చు

వేలెడంత డాంగిల్, దానికో యాంటెనా, డబ్బా మీద పెద్దక్షరాల్లో ‘ఏసీ600’. 5 గిగాహెర్ట్జ్‌లో 433 ఎంబీపీఎస్, 2.4లో 150 కూడి, పైకి సర్దితే వచ్చిన 600 అది. రెండూ ఒకేసారి రావు. ఏ కంపెనీదో చెప్పను, ఇదే ఆర్‌టీఎల్8821ఏయూ చిప్ పెట్టి చాలామంది అమ్ముతున్నారు.

హన్మకొండలో మా బాబాయి డీటీపీ సెంటర్లో ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) ఉన్న పాత డెస్క్‌టాప్‌కి దీన్ని తగిలించాను. అప్పటికి ఈ చిప్‌ని నడిపే డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, లేదు. గిట్‌హబ్ నుంచి కోడ్ దించుకుని, డీకేఎంఎస్‌తో (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే టూల్) బిల్డ్ చేసుకోవాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌కి మన కీతో సంతకం చేయాలి, రీబూట్‌లో నీలం తెర మీద పాస్‌వర్డ్ కొట్టాలి. బాబాయి ఆ తెర చూసి వైరస్ అనుకున్నాడు.

ఇంత చేసినా కెర్నెల్ అప్‌డేట్ వచ్చిందంటే టెన్షనే. బిల్డ్ ఫెయిలయ్యేది, వెంటనే ఫోన్: ‘ఒరేయ్, నెట్ పోయిందిరా, పెళ్లికార్డు మెయిల్ చెయ్యాలి.’ సరిచేసిన డ్రైవర్ దించుకోవాలన్నా నెట్ కావాలాయె! ఆయన ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టించి, వేరే ఫోన్లో నేను కమాండ్ అక్షరం అక్షరం చెబుతుంటే ఆయన కొట్టేవాడు. మధ్యలో ఎవరైనా వస్తే ‘ఆగరా, రెండు జిరాక్సులు’ అని పెట్టేసేవాడు.

కెర్నెల్ లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారతాయి. ఉదాహరణకి కెర్నెల్ 6.15లో డెల్_టైమర్_సింక్ పోయి టైమర్_డిలీట్_సింక్ ఒక్కటే మిగిలింది. మార్చినవాళ్లే కెర్నెల్ సోర్స్‌లో ఉన్న డ్రైవర్లన్నిటినీ కూడా సరిచేయాలి, అక్కడి పద్ధతి అది. బయట పడున్న డ్రైవర్‌ని మాత్రం ఎవరో ఒకరు ఓపికున్నప్పుడు బాగు చేయాల్సిందే.

2025 మార్చిలో వచ్చిన 6.14 నాటికి ఈ చిప్, దీని అన్న 8812ఏయూ, రెండూ మెయిన్‌లైన్‌లోకి (అసలు కెర్నెల్ సోర్స్‌లోకి) చేరాయి. పాత డ్రైవర్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి అందులో పడేయలేదు. అది తన సొంత వైఫై స్టాక్‌ని (వైఫై పనులన్నీ చూసే కోడ్) వెంట మోసుకు తిరిగే రకం. ఆ పనికి కెర్నెల్‌లో మ్యాక్80211 ఉండగా ఇంకోదాన్ని రానివ్వరు. 8188ఈయూ అనే ఇంకో చిప్ డ్రైవర్ అలాంటిదే, స్టేజింగ్‌లో (ఇంకా సరిగ్గా లేని డ్రైవర్లని ఉంచే చోటు) ఏళ్లపాటు మగ్గింది, చివరికి 6.3లో తీసేశారు. 8821ఏయూ విషయంలో దారి వేరు. కెర్నెల్‌లో అప్పటికే ఉన్న ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌కి 2023లో 6.2తో యూఎస్‌బీ సపోర్ట్ వచ్చింది, దాని మీదే ఈ రెండు చిప్‌ల కోడ్ రాశారు. రెంటికీ ఉమ్మడిగా ఉన్న భాగం ఆర్‌టీడబ్ల్యూ88ఎక్స్ఎక్స్ఏ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. చదివితే అర్థమయ్యే కోడ్, పాతది తెరిచి చూసినవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

24.04కి హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్‌గా (పాత ఉబుంటుకి ఇచ్చే కొత్త కెర్నెల్) 6.14 రాగానే డీకేఎంఎస్ డ్రైవర్ తీసేశాను. ఒక్క జాగ్రత్త: పాతది ఇన్‌స్టాల్ చేసినప్పుడు మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్లో కొత్త డ్రైవర్ని బ్లాక్‌లిస్ట్ చేసే (లోడ్ కానివ్వని) ఫైల్ పడుంటుంది. అదీ తీసేయండి, లేకపోతే డాంగిల్ చచ్చిపోయిందనుకుంటారు. రీబూట్ చేశాక ఎల్ఎస్‌మాడ్‌లో (లోడైన మాడ్యూళ్ల జాబితా) ఆర్‌టీడబ్ల్యూ88_8821ఏయూ కనబడింది, నెట్ వచ్చేసింది. రౌటర్ ఉన్న గదిలోనే ఐపెర్ఫ్‌తో (నెట్‌వర్క్ వేగం కొలిచే టూల్) చూస్తే 200 ఎంబీపీఎస్ దరిదాపుల్లో ఇస్తోంది. యూఎస్‌బీ 2.0 మీద, ఒకే యాంటెనాతో ఇంతకంటే ఆశపడను. ఆ తర్వాత కెర్నెల్ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, బాబాయి మాత్రం ఇప్పుడు ప్రింటర్ గురించే ఫోన్ చేస్తున్నాడు.

లైనక్స్‌లోనే వేరే రకాలైన మింట్ 22.2, ఫెడోరా 42 వాళ్లకి పెట్టగానే పనిచేయాలి. డెబియన్ 13తో వచ్చేది 6.12, కాబట్టి ఆ కెర్నెల్‌తోనే ఉన్నవాళ్లు బయటి డ్రైవర్‌తో కుస్తీ పట్టాలి. కొనేముందు చిప్ ఏదో కనుక్కోండి. డబ్బా మీద రాయరు, ఒకే మోడల్ వీ1లో ఒక చిప్, వీ2లో ఇంకోటి ఉండొచ్చు. రిటర్న్ గడువు లోపలే ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల్ని చూపే కమాండ్) కొట్టి చూసుకోండి.

నాలుగు స్టార్లు. యాంటెనా కీలు వదులై వాలిపోతోంది, సెలోటేప్ చుట్టాం. ఐదోది అందుకే కోశాను.