గౌతమి గట్టు మీద పదడుగుల రాడ్: మూడేళ్లు వాడాక

మూడేళ్ల కిందట గాలం కట్టి చేపలు పట్టే ఈ రాడ్ కొన్నది దూరం విసరాలన్న ఆశతోనే. యానాం నుంచి ఎగువకి, కోటిపల్లి వైపు గౌతమి గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు ఎక్కడో ఉంటుంది. ఏడడుగుల రాడ్‌తో ఎంత బలంగా విసిరినా ఇంకో పది గజాలు పడితే బావుణ్ననిపిస్తుంది. పొడుగు రాడ్‌తో ఆ పది గజాలూ వచ్చాయి, సంతోషమే. అయితే అసలు ఉపకారం నా కాళ్ల దగ్గర జరిగింది.

కోత పడకుండా మా గట్లకి చాలాచోట్ల రాళ్లు పేర్చి ఉంటాయి. అవి నీళ్లలోకి ఐదారు గజాల దాకా వాలుగా దిగుతాయి. సందుల్లో నత్తగుల్లలు, తెగిన వలపోగులు. జిగ్‌ని, అంటే సీసపు తలకి రబ్బరు చేప తొడిగిన గాలాన్ని, అడుగు నుంచి ఎగరేస్తూ దింపుతూ తెస్తాం కదా, ఆఖరి ఐదు గజాల్లో ఆ సీసపు తల సరిగ్గా వెళ్లి సందులో దూరుతుంది. పొట్టి రాడ్‌తో ఒక్క పూటలో నాలుగైదు జిగ్‌లు పోగొట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు రాళ్ల అంచు రాగానే కొన పైకెత్తి నాలుగు చుట్లు గబగబా తిప్పితే, జిగ్ రాళ్ల మీదుగా లేచి వచ్చేస్తుంది. పూటకి ఒకటి పోతే ఎక్కువ.

ప్రవాహం సంగతీ అంతే. పాటు తీసేటప్పుడు, ముఖ్యంగా అమావాస్యకీ పున్నానికీ, నీళ్లు జోరుగా లాగుతాయి. దారం ఎంత మునిగి ఉంటే అంతా విల్లులా వంగుతుంది, అవతల చేప ముట్టినా చేతికి తెలియదు. కొన ఎత్తులో ఉంటే దారం చాలావరకు గాలిలోనే ఉంటుంది. ఈదురుగాలి రోజున మాత్రం ఈ లాభం తిరగబడుతుంది. గాలే దారాన్ని బొజ్జలా ఉబ్బిస్తుంది, అప్పుడు కొనని నీటి దగ్గరికి దించి పట్టుకోవాలి.

నా రాడ్ రెండు ముక్కల కార్బన్, 210 గ్రాములు, విసరదగ్గ బరువని మీద రాసింది 10 నుంచి 40 గ్రాములు. రీలు 4000 సైజు, దారం పీఈ 1.2 మందం బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర జిగ్‌కి ముందు బారెడు పొడవున 40 పౌండ్లు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం, దీన్నే లీడరు అంటారు. లీడరు అంత మందం ఎందుకంటే పండుగప్ప మొప్పల రేకు కత్తిలా ఉంటుంది, ఒరుసుకుంటే సన్న దారం నిలవదు.

రాడ్ మీద రాసిన బరువు దగ్గరే చాలామంది పొరబడతారు. 40 అని ఉంది కదాని 40 గ్రాముల జిగ్ హెడ్ కట్టి, దానికి రబ్బరు చేప కూడా తొడుగుతారు. లెక్కపెట్టాల్సింది రెండింటి బరువూ కలిపి. 21 గ్రాముల తలకి నాలుగంగుళాల రబ్బరు చేప కలిస్తే 30 దగ్గరికి వస్తుంది. నా రాడ్ 15 నుంచి 30 దాకా హాయిగా పనిచేస్తుంది. 35 దగ్గర విసిరేటప్పుడు రాడ్ సగం దాకా వంగి బరువెక్కుతుంది. పది గ్రాములైతే కొనకి జిగ్ ఉన్నట్టే తెలియదు. కాబట్టి మీరు రోజూ కట్టే మొత్తం బరువు ఆ అంకెల నడిమధ్యకి వచ్చేలా రాడ్ ఎంచుకోండి.

దీనికి ముందు పదకొండడుగుల ఫైబర్ రాడ్ ఒకటి చవగ్గా కొన్నాను. అరగంటకే మోచేయి లాగేది. అంతకన్నా పెద్ద బాధ, ఎత్తి ఆపిన తర్వాత కూడా కొన చాలాసేపు ఊగుతూనే ఉండేది. జిగ్గింగ్‌లో అది పనికిరాదు. ఎందుకంటే పండుగప్ప ఎక్కువగా జిగ్ దిగుతున్నప్పుడే కొడుతుంది. జిగ్‌ని ఎగరేసి లోపల్లోపల లెక్కపెడతాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగుకి ఒండ్రు తగిలి దారం వదులవ్వాలి. ఒక్కోసారి రెండుకే వదులైపోతుంది, లేదా వేలికి సన్నగా టక్‌మంటుంది. ఆ క్షణాన కొన ఊగుతూ ఉంటే ఆ టక్ అందులో కలిసిపోతుంది. అందుకే దుకాణంలో రాడ్ చూసేటప్పుడు మీ రీలు తొడిగి పట్టుకోండి. ఒక్క ఎత్తు ఎత్తి ఠక్కున ఆపి, కొన ఎన్ని ఊపులకి నిలుస్తుందో చూడండి. నాది రెండు ఊపులకి నిలుస్తుంది. పొడవు, ధర ఆ తర్వాత.

పొడుగు రాడ్‌కి చేయి మార్చుకోవాలి. మణికట్టు కాస్త తిప్పినా అవతల జిగ్ బారెడు లేస్తుంది, చేప భయపడుతుంది. నాకు ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు రాడ్ కదపను, రీలు పిడిని రెండు చుట్లు తిప్పి ఆపుతాను. అంతే, జిగ్ అదే లేచి అదే దిగుతుంది.

చేపని ఒడ్డుకి తేవడం మాత్రం పొడుగు రాడ్‌తో కష్టమే. మొదటి ఏడాది కార్తీకంలో మూడు కిలోల పైచిలుకు పండుగప్ప పడింది. కాళ్ల దాకా వచ్చాక ఆత్రంగా రాడ్‌ని నెత్తి మీదకి ఎత్తేశాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "ఆయ్, ఎత్తకండి బాబూ, కర్ర విరిగిపోద్ది! పక్కకి వంచి వెనక్కి నడవండి." దించి, పక్కకి వంచి, నాలుగడుగులు వెనక్కి వేశాను. చేప రాళ్ల మీదకి జారి వచ్చింది, ఆయనే వంగి పట్టుకున్నాడు. అలా ఎత్తితే కార్బన్ రాడ్లు సులువుగా విరుగుతాయి. అప్పట్నుంచి పొడుగు పిడి ఉన్న చేతివల లేకుండా గట్టెక్కను.

రెండో ఏడాది ఊరికే బ్రెయిడ్ తెగసాగింది. రెండు మంచి చేపలు పోయాక, రాడ్ మీద దారం వెళ్లే ఒక్కో రింగులోంచి దూది పోగు లాగి చూశాను. కొన నుంచి మూడో రింగు దగ్గర పోగు పట్టుకుంది. లోపలి పింగాణీకి వెంట్రుకంత చీలిక, కంటికి కనపడదు. కొన్న చోట మార్చమన్నాను. వాళ్లు కుదరదన్నారు, మరో చోట మార్పించుకున్నాను. ఇప్పుడు నెలకోసారి దూదితో చూడటం అలవాటైంది. అలాగే రెండు ముక్కలు కలిసే చోటు అరిగి, ఒకసారి పై ముక్క జిగ్‌తో పాటు నదిలోకి ఎగిరింది. దారం ఉంది కాబట్టి దక్కింది. కొవ్వొత్తి మైనం పలచగా రుద్దితే బిగువుగా కూర్చుంటుంది, గంటకోసారి నొక్కి చూసుకుంటే చాలు.

తొమ్మిదడుగులా, పదడుగులా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది మీరు నిలబడే చోటు చూసుకోమనే. కాలవ గట్టు మీద వెనక కొబ్బరి మట్టలు వేలాడుతుంటే తొమ్మిదే ఎక్కువ. రాళ్ల గట్టు, వెనక ఖాళీ, ముందు పెద్ద నది అయితే పది. పదకొండు పైన సముద్రపు గోడల మీదికే నా మనసొప్పుతుంది. బైకు మీద వెళ్లేవాళ్లు మూడు ముక్కలది చూడండి. నా రాడ్ ముక్క ఒక్కోటి ఐదడుగులు, బైకుకి కట్టడం రోజూ తంటాయే.

ఒక్కటి మాత్రం తప్పక గుర్తుంచుకోండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. రొయ్యల చెరువుల మీదుగా తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మన ప్రాంతం వాళ్లకి తెలుసు. రాడ్ బిగించాక దాన్ని నిలబెట్టి నడవకండి, కొన నేల వైపు దించి పట్టుకోండి. తలెత్తి తీగలు లేవని చూసుకున్నాకే మొదటిసారి విసరండి.