ఎప్‌సెట్‌కా, జేఈఈ మెయిన్‌కా?

హైదరాబాద్‌లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల్లో చాలామంది రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ రెండూ రాస్తారు. సిలబస్ చాలావరకు ఒకటే కనుక సన్నద్ధత కూడా ఒకటేనని పెద్దలు అనుకుంటారు. నేను ఒప్పుకోను.

ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి 67 సెకన్లు. వాటిలో 80 గణితానివే. భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 40. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలకూడదు. ఇక్కడ గెలిపించేది చేతివేగం. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలే, మూడు సబ్జెక్టులకూ సమానంగా. ఒక్కోదానికి రెండు నిమిషాల పైనే దొరుకుతుంది, కానీ తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. తెలియనిదాన్ని వదిలేసే నిగ్రహం కావాలి. ఎప్‌సెట్ అలవాటుతో అన్నింటికీ జవాబులు పెట్టేసి నష్టపోయిన పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

కూకట్‌పల్లి జేఎన్‌టీయూ, ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలకు దారి ఎప్‌సెట్. వరంగల్ ఎన్‌ఐటీకి మెయిన్ ర్యాంకు కావాలి; కందిలోని ఐఐటీకి ఆపై జేఈఈ అడ్వాన్స్‌డ్ అనే రెండో పరీక్ష కూడా.

మెయిన్ జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లు జరుగుతుంది. ఎప్‌సెట్ ఏడాదికి ఒక్కసారే. అందుకే జనవరి దాకా మెయిన్ పద్ధతిలో లోతుగా చదివి, ఏప్రిల్ విడత ముగిశాక రోజూ గడియారం పెట్టుకుని 160 ప్రశ్నల నమూనా పరీక్ష రాయమంటాను.